బొంత బార్డర్‌కి మిషన్ మీద తీగ డిజైన్ ఎట్లా కుట్టాలి

బొంత మధ్యలో ఎంత పనితనం చూపించినా మంచం మీద పరిచినప్పుడు పక్కలకి వేలాడుతూ కంటికి తగిలేది అంచే. అందుకే ఫ్రీ మోషన్ నేర్చుకునేవాళ్ళకి ముందు బార్డర్ తీగతో మొదలుపెట్టమని చెప్తాను నేను. గళ్ళు, గొలుసు, ఈకల డిజైన్ ఇవన్నీ కొంచెం కొలత తప్పితే దూరం నుంచే తెలిసిపోతాయి, తీగకి ఆ బాధ లేదు, ఒక ఆకు పెద్దగా ఇంకో ఆకు చిన్నగా ఉంటేనే అది తీగలాగా ఉంటుంది. లెక్క వేసుకోవాల్సింది ఒక్క మూలల కాడ మాత్రమే, మిగతాదంతా చెయ్యే చూసుకుంటుంది. ఇంకో లాభం ఏమంటే, మన ఇళ్ళల్లో ఉండేవి చిన్న మిషన్లు, వాటి మెడ కింద బొంత మొత్తం చుట్టి దూర్చడం ఎంత కష్టమో కుట్టినవాళ్ళకి తెలుసు. బార్డర్ కుట్టేటప్పుడు బొంత అంతా ఎడమ పక్కన బయటే ఉంటుంది, మెడ కిందికి పోయేది ఆ అయిదారు అంగుళాల అంచు మాత్రమే.

ఫ్రీ మోషన్ అంటే ఏందంటే, మామూలుగా కుట్టేటప్పుడు సూది కింద ఉండే పళ్ళు గుడ్డని వెనక్కి లాగుతాయి, మనం ఊరికే దారి చూపిస్తాం అంతే. దీంట్లో ఆ పళ్ళ పని ఆపేసి గుడ్డని మనమే రెండు చేతుల్తో ఎటు కావాలంటే అటు జరుపుతాం. ముగ్గు వేసేటప్పుడు నేల ఉన్నచోటే ఉండి చెయ్యి కదుల్తుంది కదా, ఇక్కడ సూది ఉన్నచోటే ఉంటుంది, నేల కదుల్తుంది. గుడ్డని ఎడమకి జరిపితే గీత కుడికి పడుతుంది. ఇది బుర్రకి ఎక్కడానికి కొంచెం టైమ్ పడుతుంది, ఎక్కినాక మళ్ళీ మర్చిపోరు.

మిషన్ సంగతి. కొత్త మోటార్ మిషన్లలో చాలావాటికి పళ్ళు కిందికి దించే మీట ఉంటుంది. పాత నల్ల తొక్కుడు మిషన్లలో కొన్నిటికి ఉండదు, వాటికి పళ్ళ మీద కప్పే చిన్న ప్లేటు దొరుకుతుంది, మిషన్ పార్టులు అమ్మే షాపులో ఎంబ్రాయిడరీ ప్లేటు అని అడగండి. అదీ లేకపోతే కుట్టు పొడవు సున్నాకి పెట్టేయండి, పళ్ళు పైకీ కిందికీ ఆడతాయి కానీ గుడ్డని లాగవు, పని జరిగిపోతుంది. తొక్కుడు మిషనే కదా అని చిన్నచూపు అక్కర్లేదు, కాలు ఒక లయలో పడితే మోటార్ కన్నా అదే మాట వింటుంది.

సూది దగ్గర గుడ్డని నొక్కి పట్టే ఫుట్ మాత్రం మార్చాల్సిందే. చివర గుండ్రంగా రింగులాగా ఉండి, స్ప్రింగుతో సూదితో పాటు ఎగురుతా ఉంటుందే, డార్నింగ్ ఫుట్ అంటారు, అది కావాలి. మన పక్క జాకెట్టు చేతులకి మిషన్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళు ఫుట్ తీసేసి గుడ్డని రింగులో బిగించి కుట్టేస్తారు, ఒక పొర గుడ్డకి అది సరిపోతుంది. మూడు పొరల బొంత రింగులో పట్టదు, ఫుట్ లేకుండా కుడితే పొరలు సూదితో పాటే పైకి లేచి కుట్లు తప్పుతాయి, వేలు సూది కిందికి పోయే ప్రమాదం కూడా ఉంది. ఇంకొకటి, ఈ ఫుట్ గుడ్డని గట్టిగా నొక్కదు కాబట్టి ఫుట్‌ని పైకెత్తే లివర్ దించినా దించకపోయినా ఒకేలాగా కనిపిస్తుంది. లివర్ పైనే ఉంటే పై దారానికి టెన్షన్, అంటే బిగువు, ఉండదు, తిరగేసి చూస్తే కింద దారమంతా గూడు కట్టి ఉంటుంది. దారం చిక్కు పడిందంటే ముందు లివర్ చూడండి, ఆ తర్వాతే మిగతావి.

సూది 14 నంబర్, కొత్తది. పైన కాటన్ గానీ పాలియెస్టర్ గానీ మంచి దారం, ఎప్పుడో అమ్మమ్మ డబ్బాలో మిగిలిన రీలు మాత్రం వద్దు, ఆకు మొన తిరిగేటప్పుడల్లా తెగుతుంది. మెరిసే ఎంబ్రాయిడరీ దారం వాడాలని ఉంటే పైన అది, కింద దారం చుట్టే బాబిన్‌లో మామూలు దారం పెట్టి పై టెన్షన్ కొంచెం వదులు చేసుకోండి. మొదటిసారికి మాత్రం గుడ్డ రంగు దారమే మేలు, వంకరలన్నీ అందులో కలిసిపోతాయి.

ఇక పొరలు. పైన మీరు అతికిన గుడ్డ, కింద అస్తరు, మధ్యలో దూది షీటు గానీ పాత కాటన్ చీరలు గానీ. మా తిరుపతి ఎండలకి పాలియెస్టర్ షీటు పెట్టిన బొంత ఏసీ రూములో తప్ప కప్పుకోలేం, మెత్తబడిన కాటన్ చీర మడత వేసి పెడితే సంవత్సరమంతా పనికొస్తుంది, ఇది నా అభిప్రాయం. నగరి పక్క పవర్‌లూమ్‌లలో నేసే కాటన్ అస్తరుకి బాగుంటుంది, ఏ కొత్త కాటన్ అయినా ఒకసారి తడిపి ఆరేసి ఇస్త్రీ చేసినాకే వాడండి, లేకపోతే బొంత ఉతికినాక అస్తరు ముడుచుకుపోతుంది. అస్తరుని నేల మీద పరిచి అంచులు టేపుతో అతికించి మిగతా పొరలు దాని మీద పరవాలి. పిడికిలి పెడితే ఏదో ఒక పిన్నీసు తగలాలి, అంత దగ్గరగా పెట్టాలి, అంటే ఇంచుమించు నాలుగు అంగుళాలకి ఒకటి.

బార్డర్‌కి పోయేముందు బార్డరూ మధ్య భాగమూ కలిసే అతుకు మీదనే మామూలు ఫుట్‌తో చుట్టూ ఒక లైను కుట్టేయండి, పొరలు కదలవు. మధ్య భాగం పని కూడా ముందే అయిపోవాలి. మధ్యలో దట్టంగా కుట్టి బార్డర్‌లో పలచగా వదిలేస్తే అంచు లంగా కుచ్చుల్లాగా ఊగుతుంది, తిప్పి చేస్తే మధ్యలో ఉబ్బుతుంది, రెండిట్లో కుట్ల దట్టం ఇంచుమించు ఒకటిగా ఉండాలి.

ఇప్పుడు మూలల లెక్క. తీగ కాడ పాములాగా ఒక వంపు బయటికి ఒక వంపు లోపలికి పోతుంది కదా, మూల దగ్గర తీగ దానంతట అదే బయటి వైపుకి తిరగాలి. అంటే మూలకి ముందు వచ్చే వంపు లోపలిది అయి ఉండాలి, మూల దాటినాక మొదలయ్యేది కూడా లోపలిదే. ప్రతి పక్కా లోపలి వంపుతో మొదలై లోపలి వంపుతోనే ముగియాలంటే ఆ పక్కలో వంపుల సంఖ్య బేసి అయి తీరాలి, 7, 9, 11, 13 ఇట్లా. నాలుగు మూలలూ ఒకేలాగా రావడానికి ఉన్న కిటుకు ఇదొక్కటే.

ఉదాహరణకి 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు బొంత, బార్డర్ 6 అంగుళాలు అనుకోండి. రెండు పక్కలా మూలలు తీసేస్తే వెడల్పు వైపు 48, పొడవు వైపు 78 మిగుల్తుంది. వంపుకి 6 అంగుళాలు అనుకుంటే 78లో 13 వస్తాయి, బేసే, ఏ గొడవా లేదు. 48లో 8 వస్తాయి, సరిసంఖ్య, పనికిరాదు. దాన్ని 9 చేసుకుంటే ఒక్కో వంపు 5 అంగుళాల మీద మూడోవంతు అవుతుంది, పొడవు వైపు వంపుకీ దీనికీ తేడా ముప్పావు అంగుళం కూడా లేదు, ఆకులు పడినాక ఎవరూ పట్టుకోలేరు. టేపుతో మూడోవంతులు కొలుస్తూ కూర్చోకుండా షాపుల్లో బిల్లు కొట్టే పేపర్ రోల్ ఒకటి తెచ్చుకోండి, 48 అంగుళాలు చించి మూడు మడతలు, మళ్ళీ మూడు మడతలు వేస్తే 9 భాగాలు వచ్చేస్తాయి. దాన్ని బార్డర్ మీద పరిచి మడత ఉన్న ప్రతిచోటా గుడ్డ మీద చిన్న చుక్క, ఆ చుక్కలు బార్డర్ నడిమి గీత మీద పడాలి. చుక్క నుంచి చుక్కకి వంపు గీసుకుంటే కాడ రెడీ.

గీయడానికి అరిగిపోయిన సబ్బు ముక్కని మించింది లేదు, ముదురు రంగు మీద బాగా కనిపిస్తుంది, ఉతికితే పోతుంది. లేత రంగుకి నీళ్ళతో పోయే నీలం పెన్ వాడుకోవచ్చు కానీ నీళ్ళు తగిలి పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి తీసుకుపోవద్దు, వేడి తగిలితే మరక ఉండిపోతుంది. ఇస్త్రీతో మాయమయ్యే పెన్నులు కూడా ఉన్నాయి, చలికి ఆ గీత మళ్ళీ తేలొచ్చు, నేనైతే వాటి జోలికి పోను.

ఆకులు గీయొద్దు. కాడ ఒక్కటి గీసుకుంటే చాలు, ఆకుల్ని గీసి ఆ గీత మీద కుట్టాలని చూస్తే చెయ్యి బిగుసుకుపోతుంది. దాని బదులు రూళ్ళ నోటుబుక్కులో పెన్ను ఎత్తకుండా అదే తీగ పేజీలు పేజీలు గీయండి. ఏ ఆకు అంటే దొడ్లో చూసుకోండి, తమలపాకు, తిప్పతీగ, చిక్కుడు, కాకర, ఏదైనా పనికొస్తుంది. కాకర ఆకు అంచులు చీలికలు చీలికలుగా ఉంటాయి, మొదటే దాని జోలికి వద్దు, చుట్టలు తిరిగే దాని నులితీగ మాత్రం తీసుకోండి. మొదటిసారికి తమలపాకు, తిప్పతీగల హృదయం ఆకారమే సులువు. వీలైతే ఒకసారి శ్రీకాళహస్తి పోయి కలంకారీ వేసేవాళ్ళ దగ్గర అంచులు చూసి రండి. పెడనలో లాగా అచ్చులు కాదు ఆడ, బెల్లం, ఇనుము నానబెట్టి చేసిన నల్లరంగులో కలం ముంచి చేత్తోనే గీస్తారు. కాడ ఎక్కడ వంగితే ఆ వంపు కడుపులోకి పెద్ద ఆకో పువ్వో పోతుంది, వీపు మీద చిన్న మొగ్గలు, ఖాళీ మిగిలిన చోట నులితీగ. మనం కుట్టాల్సింది కూడా సరిగ్గా అట్లనే.

కుట్టు మొదలుపెట్టేది మూలలో కాదు, ఒక పక్క మధ్యలో, ఆకు వచ్చే చోట, అప్పుడు మొదలూ చివరా ఆకు కింద కలిసిపోతాయి. సూది ఒకసారి దించి పైకి తీసి పై దారం లాగితే బాబిన్ దారం పైకి వస్తుంది, రెండూ చేత్తో పట్టుకుని అక్కడక్కడే నాలుగైదు చిన్న కుట్లు వేసి కాడ మీద బయల్దేరండి. వంపు సగానికి వచ్చినాక ఆకు. కాడ మీద ఆగిన చోటు నుంచి ముందు వెనక్కి ఒక గుండ్రటి భుజం, ఆడ నుంచి పక్కకి వాలుతూ మొన దాకా, మొన మీద సూది ఒక్క కుట్టు ఉన్నచోటే పడనివ్వండి, అప్పుడే మొన పదునుగా వస్తుంది, లేకపోతే చెంచాలాగా మొద్దుగా ఉంటుంది. మొన నుంచి రెండో వైపు అదే మాదిరి దిగి వచ్చి రెండో భుజం తిరిగి, బయల్దేరిన చోటికే చేరి, మళ్ళీ కాడ మీద ముందుకు. ఎక్కడా కుట్టు మీద కుట్టు పడదు. మధ్య ఈనె కావాలంటే భుజం మొదలుపెట్టకముందే ఆకు సగం దాకా పోయి అదే దారిన తిరిగి రావాలి, అక్కడ దారం రెండు పొరలు అవుతుంది, గుడ్డ రంగు దారం అయితే ఫర్వాలేదు.

ఆకులన్నీ తీగ సాగే వైపుకే వాలాలి, ఎదురు వాలిన ఆకు ఒక్కటి ఉన్నా కన్ను దాని మీదికే పోతుంది. అంచు నుంచి అర అంగుళం వదిలిపెట్టండి, పావు అంగుళం చివర్లో అంచుకి వేసే గోటు పట్టీ కిందికి పోతుంది, ఆకు మొనలు దాని కింద నలిగిపోతే చూడ్డానికి బాగుండదు.

చేతుల వేగం గురించి. మిషన్ ఒకే వేగంతో పోవాలి, చేతులు దానికి తగ్గట్టు జరగాలి, అంగుళానికి 8 నుంచి 10 కుట్లు పడుతుంటే సరైన వేగం. వంపు తిరిగేటప్పుడు అందరికీ చెయ్యి ఉరుకుతుంది, అప్పుడు అడుగున కనురెప్పల వెంట్రుకల్లాగా దారాలు పక్కకి లాక్కుని కనిపిస్తాయి. అది టెన్షన్ తప్పు కాదు, వంపులో నిదానించండి. కుట్టు పొడవునా అడుగున దారం వదులుగా లూపులు లూపులుగా ఉంటే పై టెన్షన్ చాల్లేదని, బాబిన్ దారం పైకి చుక్కలు చుక్కలుగా తేలితే పై టెన్షన్ ఎక్కువైందని. ఇదంతా మిగిలిన ముక్కలతో అవే మూడు పొరలు పెట్టి ఒక చిన్న శాంపిల్ మీద చూసుకున్నాకే అసలు దాని మీదికి పోవాలి.

ఎండాకాలంలో చేతులు చెమట పట్టి గుడ్డ మీద జారతాయి, హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మే రబ్బరు చుక్కల గ్లౌజులు వేసుకోండి, లేదంటే నోట్లు లెక్కపెట్టేవాళ్ళు వేలికి పెట్టుకునే రబ్బరు తొడుగులు రెండు మూడు వేళ్ళకి పెట్టుకున్నా సరిపోతుంది. బొంత బరువు కిందికి వేలాడకూడదు, అది లాగితే సూది వంగి ప్లేటుకి తగిలి విరుగుతుంది. మిషన్‌కి ఎడమ పక్కన టేబులో మంచమో జరుపుకుని బొంతని దాని మీద కుప్పగా వేసుకోండి. పిన్నీసులు ఫుట్ దగ్గరికి రాకముందే తీసేయాలి, చేతులు జరుపుకోవాలన్నా ఆపాలన్నా సూది గుడ్డలోకి దించి ఉంచి ఆపాలి, ఆకు మొన మీదో కాడ మీద ఆకు మొదలయ్యే చోటో ఆగితే మళ్ళీ బయల్దేరిన గుర్తు కనపడదు. మూల తిరిగినాక మాత్రం బొంతని మొత్తం తిప్పుకోవాలి, ఆ ఒక్కచోటే లేచి నిలబడాల్సి వస్తుంది.

చుట్టూ అయినాక మొదలుపెట్టిన ఆకు దగ్గరికి వచ్చి మళ్ళీ నాలుగైదు చిన్న కుట్లు వేసి దారాలు కొంచెం పొడవుగానే కత్తిరించండి, చేతి సూదిలోకి ఎక్కించి పొరల మధ్యకి గుచ్చి ఒక అంగుళం అవతల తీసి కత్తిరిస్తే కొస కనపడదు. ఖాళీ ఎక్కడైనా ఎక్కువ మిగిలిందనిపిస్తే కాడ నుంచి ఒక నులితీగ వేసుకోండి, లోపలికి చుట్టుకుంటూ పోయి కాస్త ఎడంగా అదే చుట్టలో బయటికి రావడమే. ఆ తర్వాత అంచులు సమంగా కత్తిరించి రెండున్నర అంగుళాల పట్టీ మడత పెట్టి గోటు వేసి, సబ్బు గీతలు పోయేలాగా చల్లనీళ్ళలో ఒకసారి జాడించి నీడలో పరిచి ఆరేయండి, దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకి అంచు సాగుతుంది.