నడిచే రోబోతో గీయడం, కోయడం: లక్షణం, కారణం, సవరణ

ఇంట్లో తయారుచేసుకున్న ఆరు కాళ్ళ రోబో అడుగున పెన్ను గానీ చిన్న మిల్లింగ్ మోటారు గానీ బిగించి, పాదాలను ఉన్నచోటే ఉంచి శరీరాన్ని మాత్రం అటూ ఇటూ జరుపుతూ బొమ్మ గీయిస్తాం. కాలికి మూడు చొప్పున 18 సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలిచే చిన్న మోటార్లు) కలిసి ఒకే ఒక్క మొనను నడిపిస్తాయి కాబట్టి ఏ కీలులో లోపమున్నా అది గీతలో బయటపడుతుంది. అందువల్ల కట్టర్ బిగించే ముందు పెన్నుతో 100 మిల్లీమీటర్ల చతురస్రాన్నీ, ఒక వృత్తాన్నీ గీయించి కొలిచి చూడడం తప్పనిసరి అని నా అభిప్రాయం. పెన్ను చూపిన లోపాన్ని సరిచేయకుండా కోతకు దిగితే, కోత ఒత్తిడికి ఆ లోపం పెరగడమే కాక, దాని మూలం ఎక్కడుందో కనిపెట్టడం కూడా కష్టమవుతుంది.

మూలలు సరైన చోటే ఉన్నాయి, భుజాలు వంగుతున్నాయి

ఈ తప్పు లెక్కలోనిది, కాళ్ళది కాదు. ప్రోగ్రాము రెండు మూలల వద్ద మాత్రమే కీళ్ళ కోణాలను లెక్కించి, మధ్యలో ప్రతి సర్వోనూ సమాన వేగంతో తిప్పితే, మొన తిన్నగా కదలదు. గీతను 1 మిల్లీమీటరు ముక్కలుగా విడగొట్టి, ప్రతి బిందువు వద్దా 18 కోణాలనూ ఇన్వర్స్ కైనమాటిక్స్‌తో (మొన ఉండాల్సిన చోటు నుంచి కీళ్ళ కోణాలను రాబట్టే లెక్కతో) మళ్ళీ లెక్కించాలి. భుజాలు తిన్నగానే ఉండి, కొలత మాత్రం 100కు బదులు 96 వచ్చినట్లయితే ప్రోగ్రాములో ఇచ్చిన కాలి పొడవులను అనుమానించాలి. వాటిని ఇరుసు మధ్య నుంచి ఇరుసు మధ్యకు కొలవాలి. చివరి భాగాన్ని పాదం నేలను తాకే బిందువు వరకూ కొలవాలి.

గీత మెట్లుమెట్లుగా వస్తోంది

సర్వో ఏ కోణానికి తిరగాలో దానికి పంపే విద్యుత్ పల్స్ నిడివి చెబుతుంది. ఆ పల్స్‌లను పంపడానికి చాలామంది వాడే పిసిఎ9685 బోర్డు 20 మిల్లీసెకన్ల కాలాన్ని 4096 భాగాలు చేస్తుంది. అంటే ఒక్కో మెట్టు సుమారు 4.9 మైక్రోసెకన్లు, సాధారణ సర్వోలో ఇది దాదాపు 0.44 డిగ్రీలు. కీలు నుంచి పాదం 150 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, ఆ ఒక్క మెట్టుకే పాదం వద్ద 1.1 మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. సర్వోలు డిజిటల్ రకమై, తయారీదారు అనుమతించిన పక్షంలో బోర్డు పౌనఃపున్యాన్ని 50 నుంచి 200 హెర్ట్జ్‌కు పెంచితే మెట్టు నాలుగో వంతుకు తగ్గుతుంది. అనలాగ్ సర్వోలతో ఇలా చేయకూడదు, అవి వేడెక్కి పాడవుతాయి. అయితే సర్వో వివరాల్లో డెడ్‌బ్యాండ్ 5 మైక్రోసెకన్లు అని ఉంటే, బోర్డు ఎంత సూక్ష్మంగా చెప్పినా సర్వో అంతకంటే చిన్న మార్పును పట్టించుకోదు. అప్పుడు కాళ్ళను పొట్టిగా చేయడమో, ఒక చుట్టును 4096 భాగాలుగా గుర్తించే సీరియల్ సర్వోలకు మారడమో తప్ప వేరే దారి లేదు.

దిశ మారిన చోట గీత పక్కకు జరుగుతోంది

గేర్ల మధ్య లూజు దీనికి కారణం. కరెంటు ఇచ్చి ఉంచి, కాలిని చేత్తో మెల్లగా కదిపి చూస్తే ఏ కీలులో ఎక్కువగా ఉందో తెలుస్తుంది. సర్వో హార్న్ (ఇరుసుకు తొడిగే చిన్న చెయ్యి) స్క్రూను బిగించి, హార్న్‌కు ఎదురు వైపున చిన్న బాల్ బేరింగ్‌తో ఆధారమివ్వాలి. ఆ తరువాత మిగిలిన లూజు విషయంలో, ప్రతి గీతనూ ఒకే దిక్కు నుంచి మొదలుపెట్టేలా ప్రోగ్రాము రాయడం మంచి ఉపాయం.

వృత్తం చివర కలవడం లేదు

ఈ లక్షణం కనిపించగానే చాలామంది సర్వోలను మారుస్తారు, కానీ ముందుగా చూడవలసినవి పాదాలు. ఆరు పాదాలూ నేలపై ఉన్నప్పుడు, ఏ ఒక్క కాలి సున్నా స్థానం కాస్త తప్పినా అది మిగతావాటిని నెడుతుంది లేదా బరువు మోయకుండా జారుతుంది. ఒక్కో పాదం కింద కాగితపు ముక్క పెట్టి లాగి చూడాలి. తేలికగా వచ్చేసిన కాలి సున్నా స్థానాన్ని కొద్దికొద్దిగా సవరించాలి. మరో కారణం గుండ్రటి రబ్బరు పాదం. 8 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న పాదం, కాలు 10 డిగ్రీలు వాలేసరికి సుమారు 1.4 మిల్లీమీటర్లు దొర్లుతుంది. దీనికి నాకు అన్నిటికంటే నచ్చిన పరిష్కారం, పాదాలకు మొనదేలిన స్క్రూలు బిగించి, ప్లైవుడ్ పలకపై ఆరు చిన్న గుంటలు తవ్వి వాటిలో నిలపడం.

నడిచి రెండో చోటికి వెళ్ళినప్పుడు మాత్రం జారడం తప్పదు, అడుగులు లెక్కపెట్టి స్థానం తెలుసుకోలేం. మొదటి చోటనే రెండు ప్లస్ గుర్తులు గీయించి, నడిచాక పెన్ను మొనను వాటిపైకి తెచ్చి, అక్కడి నుంచి కొత్త మూలబిందువునూ కోణాన్నీ లెక్కించాలి.

మధ్యలో రోబో కూలబడుతోంది

ఎంజి996ఆర్ వంటి సర్వో కదలలేక ఆగినప్పుడు 2.5 ఆంపియర్ల వరకూ లాగుతుంది. పలు కాళ్ళు ఒకేసారి బరువెత్తితే వోల్టేజీ పడిపోయి, అదే లైను నుంచి కరెంటు తీసుకునే మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతుంది. రెంటికీ వేర్వేరు రెగ్యులేటర్లు ఇచ్చి, గ్రౌండును మాత్రం కలపాలి. కోత మోటారు తిరిగినప్పుడే రీసెట్ అవుతుంటే అది బ్రష్‌ల నుంచి వచ్చే విద్యుత్ అలజడి. మోటారు కొసల మధ్య 0.1 మైక్రోఫారాడ్ సిరామిక్ కెపాసిటర్ అతికించి, మోటారు తీగలను సర్వో తీగలకు దూరంగా నడపాలి.

కోతలో అంచు చిరుగుతోంది, శరీరం పైకి లేస్తోంది

కట్టర్‌ను కిందికి నొక్కి ఉంచేది రోబో సొంత బరువు మాత్రమే. బరువు పెంచితే సర్వోలు వేడెక్కుతాయి కాబట్టి లోతునే తగ్గించాలి. బాల్సా, సన్‌బోర్డు వంటి మెత్తటి పదార్థాలతో మొదలుపెట్టి, 1 లేదా 2 మిల్లీమీటర్ల కట్టర్‌తో విడతకు అర మిల్లీమీటరు లోతు చొప్పున కోయాలి. అంచు చిరగడానికి ముఖ్య కారణం కోత దిశ: కట్టర్ తన పళ్ళతో తానే ముందుకు లాక్కునే దిశలో వెళితే, గేర్లలోని లూజు మేరకు మొన ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ముందుగా హద్దు గీతకు కొంచెం ఎడంగా, పారేసే భాగం వైపున గాడి తీసి, చివరి కోతలో ముక్క బయటి అంచు చుట్టూ అపసవ్య దిశలోనూ, లోపలి రంధ్రాల్లో సవ్య దిశలోనూ నడిపితే (కట్టర్ పై నుంచి చూసినప్పుడు సవ్యంగా తిరుగుతున్నట్లయితే) ఈ దూకుడు ఆగుతుంది.

సర్వోలకు కరెంటు పోతే, తిరుగుతున్న కట్టర్‌తో సహా శరీరం కిందికి పడుతుంది. సర్వోల కరెంటు ఆగగానే కోత మోటారూ ఆగేలా రిలే పెట్టి, చేతికందే చోట ఎమర్జెన్సీ స్విచ్ ఉంచి, కళ్ళద్దాలు పెట్టుకున్నాకే పని మొదలుపెట్టాలి. సర్వోలు కరెంటు ఇచ్చిన క్షణంలో ఒక్కసారి ఎగిరిపడతాయి కాబట్టి, కాళ్ళు నిలదొక్కుకున్నాక మాత్రమే కోత మోటారు స్విచ్ వేయాలి.