అమ్మాయికి ప్యాడ్ కుదరడం లేదా? ప్యాకెట్ మార్చే ముందు ఇవి చూడండి

నెలసరి మొదలై కొన్ని నెలలైనా బట్టలకు మరకలు పడుతూనే ఉంటే చాలామంది తల్లులు ముందు ఇంకో కంపెనీ ప్యాడ్లు కొంటారు. అవీ కుదరకపోతే ఇంకా పెద్ద సైజు. వాడిన ప్యాడ్ ఎక్కడ తడిసిందో మాత్రం ఎవరూ చూడరు. సగం జవాబు అక్కడే ఉంటుంది. మీరు చూడటం అమ్మాయికి సిగ్గనిపిస్తే, మార్చుకునేటప్పుడు తననే గమనించి చెప్పమనండి.

సమస్య: ప్యాడ్ ఉన్నా మరక

ప్యాడ్ అంతా తడిసిపోయి ఉంటే మార్చడం ఆలస్యమైందని అర్థం. వెనక కొస తడిసి ముందు సగం పొడిగా ఉంటే ప్యాడ్‌ను మరీ ముందుకు పెట్టుకుంటోంది, కాస్త వెనక్కి జరిపితే సరిపోతుంది.

ఒక అంచు మాత్రమే తడిసి, మిగతాదంతా పొడిగా ఉండి, అడుగున జిగురు వైపు ముడతలు పడి ఉందా? అప్పుడు చూడాల్సింది ప్యాంటీని. ఆ రోజుల్లో ఎలాగూ మరకలవుతాయి కదా అని పాతబడినవి, సాగిపోయినవి పక్కన పెట్టి వాడతాం. పిల్లలకూ అదే నేర్పిస్తాం. తొడల దగ్గర ఎలాస్టిక్ వదులైతే ప్యాడ్ ఒంటిని అంటి ఉండదు. కూర్చుని లేచినప్పుడల్లా పక్కకు జరుగుతుంది, రక్తం ఆ సందులోంచి చర్మం మీదుగా జారిపోతుంది. పెద్ద ప్యాడ్ పెడితే ఆ బరువుకు ప్యాంటీ ఇంకా కిందికి వేలాడుతుంది. అందుకే సైజు పెంచినా మరక ఆగదు. పిల్ల మాత్రం తప్పు తనదేననుకుని బిక్కుబిక్కుమంటూ తిరుగుతుంది. అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

తొడ దగ్గరి అంచును వేలితో లాగి వదలమనండి. వెంటనే వెనక్కి వచ్చి అతుక్కోకపోతే అది ఈ పనికి రాదు. ఒంటికి సరిగ్గా పట్టే ముదురు రంగు కాటన్ ప్యాంటీలు నాలుగైదు ఈ రోజుల కోసమే కొనండి. లేసు, జారుడు బట్ట వద్దు, జిగురు పట్టదు. ప్యాడ్ అంటించాక అరచేత్తో ఒకసారి గట్టిగా నొక్కి, రెక్కలు కిందికి మడవాలి. కొత్తవి పాడవుతాయని భయపడొద్దు. మరకను వెంటనే చన్నీళ్లలో ఉతికితే చాలావరకు పోతుంది. వేడినీళ్లు పోస్తేనే అది ఉండిపోతుంది.

రాత్రిపూట మాత్రమే మరక పడుతుంటే వెనక వైపు వెడల్పుగా ఉండే పొడవాటి ప్యాడ్ పెట్టి, పైన బిగుతైన షార్ట్స్ వేయండి.

సమస్య: మంట, దురద, ఒరుసుకుపోవడం

రక్తస్రావం తక్కువున్న రోజున ఒకే ప్యాడ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచేస్తారు. కొంచెమే తడిసినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాల్సిందే. మార్చడం లేదంటే బద్ధకం అనుకోవద్దు. బడిలో బాత్రూమ్‌కి గడియ ఉందా, చెత్తబుట్ట ఉందా, బ్యాగ్‌లోంచి ప్యాడ్ తీయడానికి టెన్షన్ పడుతోందా, మెల్లగా అడగండి. చిన్న సంచిలో రెండు ప్యాడ్లు, ఒక ప్యాంటీ, చుట్టి పారేయడానికి కాగితం పెట్టిస్తే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. సువాసన ప్యాడ్లు, సెంటు వైప్స్ మానేయాలి. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడిగి, తడి తుడుచుకున్నాకే కొత్తది పెట్టుకోవాలి.

సమస్య: టాంపాన్ పెట్టుకుంటే నొప్పి

టాంపాన్ అంటే రక్తాన్ని పీల్చుకునేలా యోని లోపల పెట్టుకునే చిన్న దూది చుట్ట. రక్తస్రావం తక్కువున్న రోజున ప్రయత్నిస్తే పొడిగా ఉండి ఒరుసుకుంటుంది. స్రావం బాగా ఉన్న రోజున, అన్నిటికన్నా చిన్న సైజుతో మొదలుపెట్టాలి. అప్పటికీ నొప్పిగా ఉంటే బలవంతం వద్దు, ప్యాడ్‌తోనే ఉండనివ్వండి. టాంపాన్‌ను 8 గంటలకు మించి ఉంచకూడదు. అది ఉండగా ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఒంటిమీద దద్దుర్లు వస్తే తీసేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ప్యాడ్ పదార్థమే పడకపోవడం అరుదు. ముందు పై కారణాలన్నీ చూడండి. గంటకో ప్యాడ్ నిండుతూ వరుసగా రెండు మూడు గంటలు గడిచినా, ఏడు రోజులు దాటినా ఆగకపోయినా డాక్టర్‌కి చూపించండి. ఏ తేదీన మొదలైంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చింది రాసుకుని వెళ్లండి, డాక్టర్ ముందుగా అడిగేది అదే.