హోమ్ థియేటర్‌కు కేబుళ్ల ఎంపిక: గోదావరి డెల్టా ఇళ్లకు కొన్ని సూచనలు

కేబుళ్లు కొనడానికి బయలుదేరే ముందు ఒక కాగితం, ఒక టేపు తీసుకుని గదిని కొలుచుకోవాలి. ఏ పరికరం నుంచి ఏ పరికరానికి, ఏ పోర్టు నుంచి ఏ పోర్టుకు, గోడ వెంబడి తిప్పితే ఎన్ని మీటర్లు అన్నది రాసుకుని, ఒక్కొక్క దానికి మరో మీటరు కలుపుకోవాలి. ఈ కాగితం చేతిలో ఉంటే భీమవరంలో కొన్నా, అమలాపురంలో కొన్నా అట్టపెట్టె మెరుపును బట్టి ధర చెల్లించే అవసరం రాదు.

బొమ్మకు, ధ్వనికి కలిపి నేడు ప్రధానమైనది హెచ్‌డీఎంఐ కేబులే. పెట్టెపై ముద్రించే 2.0, 2.1 వంటి అంకెలు నిజానికి పరికరాల ప్రమాణానికి చెందినవి కనుక, కేబుల్ కొనేటప్పుడు దాని తరగతి పేరునే చూడాలి. సెకనుకు 18 గిగాబిట్లు మోయగల ‘ప్రీమియం హై స్పీడ్’ కేబుల్, సెకనుకు 60 ఫ్రేముల 4కే దృశ్యానికి సరిపోతుంది. 120 ఫ్రేముల 4కే గేములు ఆడేవారికి, 8కే టీవీ ఉన్నవారికి మాత్రం 48 గిగాబిట్ల ‘అల్ట్రా హై స్పీడ్’ కేబుల్ కావాలి. దాని పెట్టెపై ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకోదగిన ధ్రువీకరణ లేబుల్ ఉంటుంది. హెచ్‌డీఎంఐలో ప్రయాణించేది డిజిటల్ సంకేతం కాబట్టి, కేబుల్ సామర్థ్యం చాలకపోతే తెరపై చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ ఆగి ఆగి పోతుంది. అంతే తప్ప రంగులు వెలిసిపోవు. అందువల్ల సంకేతాన్ని సక్రమంగా చేరవేస్తున్న కేబుల్‌ను తీసి పది రెట్లు ఖరీదైనది పెట్టినా రంగులు కొత్తగా నిగ్గుతేలవు.

దూరం పెరిగినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. మామూలు రాగి కేబుల్‌లో 48 గిగాబిట్లు మూడు నుంచి ఐదు మీటర్లకు మించి నమ్మకంగా సాగవు. ప్రొజెక్టర్‌ను గదికి వెనుక వైపు బిగించేవారు సంకేతాన్ని రాగికి బదులు కాంతి రూపంలో మోసే యాక్టివ్ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోవడం మేలు. అది ఒకే దిశలో పనిచేస్తుంది కనుక, ఏ కొన రిసీవర్‌కు (ధ్వనిని పెంచి స్పీకర్లకు పంచే పెట్టెకు), ఏ కొన ప్రొజెక్టర్‌కు అన్నది గోడలోకి దింపకముందే సరిచూసుకోవాలి. స్లాబులో లేదా గోడలో పైపు వేయించే పనైతే హెచ్‌డీఎంఐ పిన్ను వంపుల దగ్గర ఇరుక్కోకుండా కనీసం 32 మిల్లీమీటర్ల పైపు వేయించి, కరెంటు తీగలకు వేరే పైపు పెట్టించాలి.

టీవీ నుంచి ధ్వనిని రిసీవర్‌కు లేదా సౌండ్‌బార్‌కు పంపేందుకు ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టునే వాడాలి. డాల్బీ ట్రూహెచ్‌డీ వంటి నష్టంలేని ధ్వని ఈఏఆర్‌సీలో సాగుతుంది. ధ్వనికి మాత్రమే వాడే ఆప్టికల్ ఆడియో కేబుల్‌లో స్టీరియో, కుదించిన 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ధ్వనులే వెళతాయి. అయినా ఏఆర్‌సీ లేని పాత టీవీకి అదే సరైన దారి. పెళ్లి క్యాసెట్ల కోసం వీసీఆర్ దాచుకున్నవారు పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ కేబుల్‌ను పారేయకూడదు.

అసలు జాగ్రత్త కావలసింది స్పీకర్ వైరు దగ్గర. రాగి పూత పూసిన అల్యూమినియం వైరును రాగి వైరుగా అమ్మడం కద్దు. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించేది అల్యూమినియం. దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. వెనుక స్పీకర్‌కు పది మీటర్ల వైరు పడుతుందనుకుంటే, రానుపోను ఇరవై మీటర్ల రాగి నిరోధం 0.5 చదరపు మిల్లీమీటర్ల మందంలో దాదాపు 0.69 ఓమ్‌లు, 1.5లో 0.23 ఓమ్‌లు అవుతుంది. స్పీకర్ ఓమ్‌లలో ఐదు శాతాన్ని, అంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కు 0.4ను, ఈ విలువ దాటకుండా చూసుకోవాలి. కాబట్టి ఈ దూరానికి 8 ఓమ్‌ల స్పీకర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, 4 ఓమ్‌ల స్పీకర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసుకోవాలి. ఇంటి వైరింగుకు వాడే పలుపోగుల రాగి వైరు కూడా ఇందుకు చక్కగా పనికొస్తుంది. ఎరుపు, నలుపు రంగుల్లో కొంటే ప్లస్, మైనస్ తారుమారు కావు.

అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి, వానాకాలపు తేమకు బయటపడిన రాగి కొనలు త్వరగా చిలుము పడతాయి. ధ్వని బొంగురుపోతే స్పీకర్‌ను అనుమానించే ముందు ఆ కొనను కత్తిరించి, కొత్తగా ఒలిచి, బనానా పిన్నులో (స్పీకర్ వైరు కొనకు తొడిగే పిన్నులో) గట్టిగా బిగించి చూడాలి. బంగారు పూత ఉన్న పిన్నులు బొమ్మను మెరుగుపరుస్తాయన్నది వట్టి మాటే కానీ, చిలుము పట్టకపోవడం ఈ ప్రాంతంలో చిన్న లాభమేమీ కాదు. కొద్దిపాటి ధర తేడాకు వాటినే తీసుకోవచ్చు.

లోతైన ధ్వనులు పలికే స్పీకరైన సబ్‌వూఫర్‌కు, షీల్డ్ (బయటి అలజడిని ఆపే లోహపు తొడుగు) ఉన్న ఒంటి ఆర్‌సీఏ కేబుల్ (ఏవీ కేబుల్ తరహా పిన్నులు గలది) చాలు. సబ్‌వూఫర్ హమ్ అంటూ ఉంటే ముందుగా కేబుల్ టీవీ లేదా డిష్ వైరు ఊడదీసి వినాలి. హమ్ ఆగితే లోపం ఎర్తింగ్ తేడాలోనిదే కనుక కొత్త ఆర్‌సీఏ కొనడం దండగ. మేడ మీది డిష్ వైరు గుండా వచ్చే పిడుగు తాకిడి సెట్‌టాప్ బాక్సుతో ఆగక, హెచ్‌డీఎంఐ మీదుగా టీవీకి, రిసీవర్‌కు పాకుతుంది. అందుకే డిష్‌కు ఎర్తింగ్ చేయించి, ఉరుములు దగ్గరపడక ముందే ఆ వైరును, కరెంటు ప్లగ్గులను తీసివేయాలి.