పాత పట్టికలు చదవడం – 3వ పాఠం: పాట్స్‌విల్ మరూన్స్, 1925

కిందటి పాఠంలో గెలుపు, ఓటమి, టై అనే మూడు గడులు చూశాం. ఇప్పుడు గెలుపు శాతం కడదాం. పెన్సిల్వేనియాలోని బొగ్గుగనుల ఊరు పాట్స్‌విల్. అక్కడి మరూన్స్ జట్టు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ప్రొఫెషనల్ జట్ల లీగ్) ఆడింది నాలుగే సీజన్లు, 1925 నుంచి 1928 దాకా. మొదటి సీజన్ టైటిల్ ఎవరిదన్న తగవు మాత్రం ఇంకా నలుగుతూనే ఉంది.

గెలుపులను, గెలుపులూ ఓటములూ కూడగా వచ్చిన మొత్తంతో భాగించండి. టైని వదిలేయండి; 1972కి ముందు అది ఆడనట్టే లెక్క. దశాంశం తర్వాత మూడు అంకెలు చాలు.

డిసెంబర్ 6న మరూన్స్ షికాగో కార్డినల్స్‌ను వాళ్ల ఊళ్లోనే 21-7తో ఓడించారు. ఆ సాయంత్రానికి పట్టిక:

మరూన్స్ 10-2-0: 10 ÷ 12 = 0.833
కార్డినల్స్ 9-2-1: 9 ÷ 11 = 0.818

కార్డినల్స్ ఊరుకోలేదు. అదే వారంలో మిల్వాకీతో, హామండ్‌తో హడావిడిగా రెండు మ్యాచ్‌లు పెట్టుకుని గెలిచారు. మిల్వాకీ తరఫున నలుగురు హైస్కూలు కుర్రాళ్లు ఆడారు! అయినా ఆ గెలుపు పట్టికలోనే ఉండిపోయింది. 11-2-1 అంటే 11 ÷ 13 = 0.846. పైకి వెళ్లిపోయారు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. డిసెంబర్ 12న ఫిలడెల్ఫియాలో మరూన్స్ నోటర్‌డామ్ యూనివర్సిటీ మాజీ ఆటగాళ్ల జట్టును 9-7తో ఓడించారు. దాన్ని కలిపితే 11-2, అంటే అచ్చంగా అదే 0.846, రెండు జట్లూ సమానమని పొరబడతారు. అది లీగ్ మ్యాచ్ కాదు, కలపకూడదు. పైగా ఫిలడెల్ఫియా లీగ్‌లోని మరో జట్టు ఫ్రాంక్‌ఫర్డ్ హద్దులోది. ఆ కారణంతోనే లీగ్ అధ్యక్షుడు జో కార్ మరూన్స్‌ను సస్పెండ్ చేశాడు. అందుకే ఏ పాత పట్టిక చూసినా ముందు ప్రత్యర్థి జట్టు లీగ్‌లో ఉందో లేదో సరిచూసుకోండి.

ఇప్పుడు 1972 నుంచి వచ్చిన పద్ధతిలో టైని అర గెలుపుగా, అర ఓటమిగా వేయండి. కార్డినల్స్‌కు 11.5 ÷ 14 = 0.821. మరూన్స్‌కు టై లేదు కాబట్టి 0.833 మారదు. వరుస తిరగబడింది! కాబట్టి పట్టిక ఏ ఏటిదో చూడకుండా శాతం కట్టకండి.

అభ్యాసం: 1932లో ప్లేఆఫ్‌కు (విజేతను తేల్చే అదనపు మ్యాచ్‌కు) ముందు బేర్స్ 6-1-6, పోర్ట్స్‌మత్ 6-1-4, గ్రీన్‌బే 10-3-1. రెండు పద్ధతుల్లోనూ కట్టి, ఎవరు పైనో రాయండి. జవాబులు 4వ పాఠంలో.