ఇన్‌హేలర్ కొట్టినా ఆయాసం తగ్గట్లేదా? అరలీటరు సీసాతో ఇలా చేసి చూడండి

మార్కాపురం పలకల గనుల్లో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాళ్లు, కట్టెల పొయ్యి ముందే వయసు కరిగిపోయిన అవ్వలు మీ ఇంట్లో ఉంటే ఇది వాళ్లకోసం.

స్ప్రే ఇన్‌హేలర్ నొక్కడం, గాలి లోపలికి లాగడం ఒక్కసారే జరగాలి. పెద్దవాళ్లకు అది కుదరక మందంతా నాలుక మీద, గొంతులోనే పడిపోతుంది. "ఎన్నిసార్లు కొట్టినా పనిచేయట్లేదబ్బయా" అనేది అందుకే. తప్పు మందుది కాదు.

స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించి, మందును అందులోంచి నింపాదిగా పీల్చుకునే గొట్టం) కొనగలిగితే కొనండి. లేదంటే అరలీటరు నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, సందు లేకుండా టేపు చుట్టండి. ముందే సీసాను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. గుడ్డతో మాత్రం తుడవద్దు, తుడిస్తే మందు ప్లాస్టిక్‌కే అంటుకుపోతుంది.

మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ బాగా ఊపి, సీసా మూతి చుట్టూ పెదాలు బిగించమని చెప్పి ఒక్కసారి నొక్కండి. నింపాదిగా నాలుగైదు సార్లు అందులోనే ఊపిరి పీల్చి వదలాలి. రెండో మోతాదు ఉంటే మళ్లీ ఊపి కొట్టాలి, రెండూ కలిపి కొట్టొద్దు.

స్టెరాయిడ్ మందైతే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మాలి. లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది, పాపం అన్నం కూడా సయించదు. గుళికలు వేసి పీల్చే పొడి మందుకు ఈ సీసా పనికిరాదు.

పెదాలు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేకపోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.