పిల్లల చేతనే సింహం వేషం కుట్టించడం ఎలా?

వేషం మొత్తం కొత్తగా కుట్టించాలని చూడకండి. చొక్కా, ప్యాంటు చేత్తో కుట్టడం పిల్లలకు విసుగు, సగంలోనే సూది మీ చేతికొస్తుంది. హుడ్ (తల మీద కప్పుకునే టోపీ) ఉన్న పాత పసుపు టీషర్టు, అదే రంగు ప్యాంటు తీసుకోండి. వాటికి జూలు, తోక చేరిస్తే చాలు. కత్తిరించడం మీ పని, కుట్టడం పిల్లల పని.

కావలసినవి: ముదురు గోధుమరంగు ఫ్లీస్ (నూగున్న మెత్తటి పాలిస్టర్ బట్ట) అర మీటరు, పసుపు ఫ్లీస్ పావు మీటరు, 2.5 సెం.మీ. వెడల్పు ఎలాస్టిక్, కొంచెం పాలిస్టర్ దూది, గట్టి దారం, పెద్ద కన్నున్న సూది, గుండుసూదులు, సుద్ద. ఫ్లీస్ అంచులకు పోగులు ఊడవు కాబట్టి మడిచి కుట్టక్కర్లేదు. మెరుపు చూసి పిల్లలు శాటిన్ అడుగుతారు. అది చేతిలో జారిపోతుంది, అంచులు పోగులుగా విడిపోతాయి. ఒప్పుకోకండి.

దారం మూరెడు చాలు, పొడుగైతే చిక్కుపడుతుంది. రెండు పేటలూ కలిపి ముడి వేస్తే సూది మాటిమాటికీ ఊడిపోదు.

ముందు తోక, దీనికి పసుపు ఫ్లీస్. నడుము నుంచి మోకాలి వెనక వరకు కొలిచి, దానికి 7 సెం.మీ. కలపండి. వెడల్పు 14 సెం.మీ. ఇంతకన్నా బాగా సన్నగా కత్తిరిస్తే తిరగేయడం కష్టం. మంచివైపు లోపలికి వచ్చేలా పొడవునా మడవండి. కింది కొసలో గోధుమరంగు పేలికల కుచ్చును లోపలికి దూర్చి, మొదళ్ళు అంచు దగ్గరుండేలా గుండుసూదులు గుచ్చండి. తిరగేశాక కుచ్చు దానంతటదే బయటికొస్తుంది. అంచుకు 1 సెం.మీ. లోపల, అర సెంటీమీటరుకొకటి చొప్పున సుద్దతో చుక్కలు పెట్టండి. సూది పైకి వచ్చాక ఒక చుక్క వెనక్కి గుచ్చి, గుచ్చిన చోటు నుంచి రెండు చుక్కల ముందు తీయాలి. ముందుకే పోయే మామూలు పరుగు కుట్టయితే దూది ఒత్తిడికి కుట్ల మధ్య సందులు పడతాయి. పిల్లలు దారాన్ని గట్టిగా లాగేస్తారు, బట్ట ముడతలు పడుతుంది. నాలుగైదు కుట్లకోసారి వేళ్ళతో సాగదీయమనండి. బల్ల మీదే కుట్టించండి. ఒళ్ళో పెట్టుకుంటే వేసుకున్న బట్టలు కూడా కలిపి కుట్టేసుకుంటారు!

పై కొస కుట్టకుండా వదలాలి. అక్కణ్ణుంచి తిరగేసి, దూదిని చిన్న చిన్న ఉండలుగా కొస నుంచి కూరండి. పైన 7 సెం.మీ. ఖాళీగా వదిలి, ఆ భాగాన్ని నడుముకు సరిపడే ఎలాస్టిక్ మీదుగా మడిచి కుట్టండి. ప్యాంటుకే కుడితే తోక బరువుకు ప్యాంటు జారుతుంది.

జూలుకు 20 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పున పేలికలు కత్తిరించండి. ఒక్కోదాన్ని సగానికి మడిచి, మడత వెనక్కి, విడి కొసలు ముందుకు ఉండేలా పెట్టి, ఆ కొసల దగ్గర హుడ్ అంచు చుట్టూ రెండు వరసలు కుట్టించండి. వెనక వరస మొదట కుడితే, దాని మొదళ్ళను ముందు వరస కప్పేస్తుంది. హుడ్ లోపల అట్టముక్క పెడితే రెండు పొరలూ కలిసి కుట్టుకుపోవు. మూడేసి పేలికలకోసారి ముడి వేయిస్తే, దారం తెగినా ఆ మూడే ఊడతాయి. హుడ్‌కు తాడుంటే తీసేయండి, మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది.

వేషం వేసి చేతులు పైకెత్తమనండి, కూర్చోమనండి, తల తిప్పమనండి. కళ్ళ మీద పడే పేలికల్ని కత్తిరించండి. ఫ్లీస్ నిప్పు అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తుంది, కాబట్టి దీపాలకూ కొవ్వొత్తులకూ దూరంగా ఉంచండి. గుండుసూదుల్ని మొదట్లోనే లెక్కపెట్టుకుని, వేషం వేసే ముందు అన్నీ డబ్బాలోకి తిరిగొచ్చాయో లేదో చూసుకోండి.