వీధి తలుపుకు స్టెయిన్ వేసే పద్ధతి

పడమటి ముఖంగా ఉన్న వీధి తలుపును దగ్గరగా చూస్తే, సజ్జ నీడ పడే పైభాగం ఇంకా తేనెరంగులోనే ఉంటుంది. మోకాలి ఎత్తు నుంచి కిందికి మాత్రం వార్నిష్ పొలుసులుగా లేచి, టేకు బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. కలప పోగులను కలిపి పట్టే లిగ్నిన్‌ను ఎండలోని అతినీలలోహిత కిరణాలు విచ్ఛిన్నం చేస్తాయి. రంగులేని మామూలు వార్నిష్ ఆ కిరణాలను ఆపలేదు కనుక, పూత బాగున్నట్టే కనిపిస్తున్నా దాని అడుగున చెక్క పట్టు వదిలేస్తుంది. అందుచేత ఆరుబయటి కలపకు మెరుపుకన్నా రంగు ముఖ్యం. చెక్కలోకి ఇంకే స్టెయిన్‌లోని రంగు రేణువులే ఎండకు అడ్డుగా నిలుస్తాయి. లోపలి బీరువాలకు వేయగా మిగిలిన మెలమైన్ పాలిష్‌ను (మెరుపునిచ్చే రంగులేని పూత) వీధి తలుపుకు వేయించి, రెండో వేసవికల్లా మొత్తం గీకించుకున్న అనుభవం నాకుంది.

ఈ పనికి వానలు వెనకబట్టిన తరువాత, ఎండలు ముదరకముందు ఉండే నెలలు అనుకూలమైనవి. మే నెల ఎండలో స్టెయిన్ ఇంకేలోపే ఆరిపోయి మరకలు కడుతుంది. ధనుర్మాసంలోనైతే పొద్దుటి మంచు తడి పూర్తిగా ఆరేదాకా ఆగి మొదలుపెట్టాలి.

పాత పూతను గీకిన తరువాత 80 నంబరు సాండ్ పేపరుతోనూ, ఆపై 120 నంబరుతోనూ పోగు వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పటికి కనబడవు గానీ, స్టెయిన్ పడగానే నల్లగా తేలతాయి. అద్దంలా నున్నగా చేయవలసిన అవసరం లేదు, ఎందుకంటే మరీ నునుపైన చెక్క స్టెయిన్‌ను సరిగా పీల్చదు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి, పొడి తుడిచాక థిన్నర్‌లో తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరనిచ్చి, ఆ తరువాతే డబ్బా మూత తీయాలి. చేవ (మాను నడిమి ముదురు చెక్క) ఉన్న చోట ఒక రంగు, దాని చుట్టూ ఉండే తెల్లచెక్క ఉన్న చోట మరొక రంగు తేలడం మామూలే గనుక, ముందుగా కంటికి కనబడని అంచు మీద వేసి చూసుకోవడం మంచిది.

స్టెయిన్‌ను తలుపు నీడలో ఉన్న వేళ, డబ్బా అడుగుదాకా కలుపుతూ, ఒక్కొక్క పలకను ఈ చివర నుంచి ఆ చివరదాకా మధ్యలో ఆపకుండా పూయాలి. డబ్బా మీద చెప్పిన వ్యవధి తరువాత పైన నిలిచిన స్టెయిన్‌ను గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే అది జిగటగా మిగిలి దుమ్ము పట్టుకుంటుంది.

ఇక మన పనివారు ఎక్కువగా వదిలేసేది తలుపు అడుగు అంచు. పోగులు అడ్డంగా తెగిన చివర్లు గొట్టాల్లా నీటిని పైకి లాగుతాయి. పలక ముఖం తాగే నీరు వాటితో పోలిస్తే చాలా తక్కువ. తలుపును బందుల నుంచి విప్పి, కింది అంచుకు రెండు మూడు పూతలు తాగినంత తాగించాలి. వారం వారం కడిగి పసుపు రాసే గడప విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే ఆ కడిగిన నీరు ద్వారబంధం గడపతో కలిసే మూలలోకి దిగి అక్కడే నిలుస్తుంది, కుళ్లు కూడా అక్కడే మొదలవుతుంది. కడిగిన వెంటనే ఆ మూలను పొడిగుడ్డతో అద్దితే చాలా మేలు.

నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకూడదు. అవి ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక, నిప్పు తగలకుండానే అంటుకోగలవు. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టాలి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచి ఉంచాలి.

ఏటా వానలు పోయాక తలుపు కింది భాగం మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి చూడండి. చుక్కలు తామరాకు మీద నీటిలా నిలిస్తే పూత బాగున్నట్టే. కొద్ది నిమిషాల్లో ఇంకి చెక్క నల్లబడితే, కడిగి ఆరనిచ్చి, గీకే పని లేకుండా మరొక్క పూత వేస్తే సరిపోతుంది.